ఒక్క ఈత కానిండనువారికి

మన పత్రికయందు ఇంతవరకు బడులను గురించియు, గ్రంథాలయమును గురించియు, సరిహద్దునకు ఈవల మిగిలిన మన భాష గతిని గురించియు వ్రాయుచు వచ్చితిమి. ఈ వారము కుక్కపిల్లలను గురించి వ్రాయబూనితిమి. నవ్వువారు నవ్వుదురుగాక. నవ్విన పిమ్మట మాత్రము కడవరకు చదువవలెనని మనవి.

రెండు నెలల క్రిందట ఒక ఉదయము మేము దుకాణపు తలుపులు తీయుచుండగా మా పొరుగు మరాఠీ పెద్దమనిషి ఒకరు వచ్చి, ఒక గోనెసంచిని మా అరుగుమీద దించిరి. అందులో ఇంకను కన్నులు తెరవని నాలుగు కూనలు ఉండెను. మురుగుకాలువ గట్టున దొరకినవట. సంచిమీద మా దుకాణపు ముద్రయే యున్నది. మేము కందులు పోసి అమ్మిన సంచి అది. "ఇవి మీ సందునుండి వచ్చినవి కాబోలు" అని మెల్లగా పలికి, ఆయన మరియొక మాట ఆడక వెడలిపోయిరి. ఆయన కోపగించియున్నను మాకు ఇంత బాధ కలిగియుండదు.

మన తాతలు బొగ్గుగనుల పనికి, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు పనికి, కట్టె వ్యాపారమునకు, ధాన్యపు వ్యాపారమునకు ఈ చాందాకు వచ్చిరి. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు రాజురా ప్రాంతము ఆదిలాబాదు జిల్లానుండి విడివడి ఇటు చేరగా, ఇల్లు కదలకయే రాష్ట్రము మారిన తెలుగువారును మనలో కలరు. మూడు తరములుగా ఇచ్చట మనకు అప్పు పుట్టుచున్నదన్నను, మన పిల్లలకు బడిలో చోటు దొరకుచున్నదన్నను, కారణము మన పెద్దలు నిలిపిన పేరు. తక్కువమంది యున్న జాతికి పేరే పెట్టుబడి. ఆ పేరు ఆ నాటి ఉదయము కాలువగట్టున సంచిలో దొరకినది.

ఆ కూనలలో రెండు మరునాటికే చనిపోయినవి. మిగిలిన రెండింటిని వీధి చివర పాలిచ్చుచున్న ఒక కుక్క దయతలచి చేరనిచ్చినది. అందొక ఆడకూన ఇప్పుడు మా ఇంటనే యున్నది. దానికి రెండున్నర నెలలు. దీనికి ఆపరేషను చేయించవలెనా, చేయించినచో ఎప్పుడు అని మేము సంఘ కార్యాలయమున నలుగురిని అడిగితిమి. నాలుగు విధములైన సమాధానములు వచ్చినవి. ఆ నాలుగింటికిని సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

మొదటివారు పాపమనిరి. ప్రాణి సంతతిని ఆపుట దేవుని పనిలో చేయి పెట్టుట యట. అయ్యా, మన ఆంధ్ర మహాభారతము ఆదిపర్వములో కథ ఎచ్చట మొదలగునో జ్ఞప్తి చేసికొనుడు. జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని ఒక కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లి సరమ నిండుసభకు వచ్చి రాజును నిలదీసినది. రాజంతటివాడు ఆ తల్లికి జవాబు చెప్పలేకపోయెను. సరమ అడిగినది పిల్లలు ఏల పుట్టినవని కాదు, పుట్టినవానిని ఏల హింసించితిరని. సంచి మూతి బిగించి కాలువగట్టున విడుచునప్పుడు రాని పాపభీతి, మత్తు ఇచ్చి నొప్పి తెలియకుండ వైద్యుడు చేయు చికిత్స దగ్గర ఎట్లు వచ్చినది? పుట్టిన పిల్లలన్నిటిని జీవితాంతము పోషింతుమని ప్రమాణము చేయగలవారు ఆపరేషను మానవచ్చును. అట్టివారు మన సంఘములో ఎందరో లెక్కించుటకు ఒక చేతి వ్రేళ్లు చాలును.

రెండవవారి సంఖ్యయే పెద్దది. వీరు దయగలవారు. "ఒక్క ఈత కానిండు, తల్లి కానిండు, తరువాత చేయింపుడు, లేకున్న దాని ఆరోగ్యము చెడును" అందురు. ఈ మాట మన ఇండ్లలో వేదవాక్యమువలె చెలామణి యగుచున్నది. మేమును నమ్మితిమి. నమ్మి ఏమి చేసితిమో దాచక చెప్పెదము.

చాల ఏండ్ల క్రిందట ఒక లారీ డ్రైవరు ఇచ్చిన ఆడకూనను మేము పెంచితిమి. ఒక్క ఈత కానిమ్మని ఆగితిమి. వానలు మొదలగు రోజులలో అది ఐదు పిల్లలను ఈనినది. రెండింటిని బంధువులు గొనిపోయిరి. మూడింటిని ఎవరును అడుగలేదు. నెలన్నర గడిచినది, ఇంటిలో విసుగు హెచ్చినది. ఒక రాత్రి మేమే వానిని ధాన్యపు మార్కెట్టు వెనుక విడిచి వచ్చితిమి. అచ్చట ఎంగిలి దొరకును, బ్రతుకునని మాకు మేము చెప్పుకొంటిమి. మరునాడు సరుకు దించుకొనుటకు పోయినప్పుడు ఒకదానిని లారీ చక్రము క్రింద చూచితిమి. మిగిలిన రెండును మరల కనబడలేదు. తల్లి నాలుగు దినములు దుకాణము ముందర ప్రతి సంచిని వాసన చూచినది. కావున ఆ సంచిని కాలువగట్టున విడిచిన వారెవరో మేము అడుగబోము. అడుగు అర్హత మాకు లేదు.

అంతటితో కథ ముగియలేదు. ఒక ఈత అయిన పిమ్మట ఆపరేషను చేయింతుమనుకొన్నవారము, ఆ పనిని పండుగ తరువాతకు, పంట తరువాతకు వాయిదా వేయుచు పోయితిమి. దానికి ఎనిమిదేండ్లు వచ్చిన పిమ్మట ఒకనాడు తిండి మానినది, నీరు మాత్రము ఆపక త్రాగినది. గర్భాశయమున చీము పట్టినదని వైద్యుడు చెప్పునప్పటికి వేళ మించినది. స్వీడన్ దేశమున భీమా లెక్కలను బట్టి చేసిన పరిశీలనలో, ఆపరేషను కాని ఆడకుక్కలలో సుమారు నాలుగింట ఒకదానికి పదేండ్లు నిండులోపల ఈ వ్యాధి వచ్చినట్లు తేలినది. అండాశయములును గర్భాశయమును తీసివేసిన కుక్కకు ఈ భయము తొలగును. ఒక్క ఈత వలన ఆరోగ్యము కలుగుననుట ఎచ్చట వ్రాసియున్నదో రెండవవారే చూపవలెను. ఈనుట వలన కుక్కకు ఆరోగ్యలాభము కలదని చెప్పు పశువైద్యుని మేము ఇంతవరకు ఎరుగము.

పైగా దీనికి విరుద్ధమైన సాక్ష్యము కలదు. 1969లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మొదటి ఎదకు ముందే ఆపరేషను జరిగిన కుక్కలకు స్తనములలో క్యాన్సరు గడ్డలు వచ్చు అవకాశము, ఆపరేషను కానివానితో పోల్చగా నూటికి ఒక వంతైనను లేదు. ఒక ఎద తరువాత చేసినవానికి నూటికి 8 వంతులు, రెండు ఎదల తరువాత చేసినవానికి 26 వంతులు ఉన్నదని వ్రాసిరి. ఈ లెక్కకు ఆధారము గట్టిది కాదని 2012లో బ్రిటిష్ పరిశీలకులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణను దాచుట మాకు ఇష్టము లేదు. తూకములో ఒక తట్టను వ్రేలితో నొక్కువాడు వర్తకుడు కాడు. అయినను ఆక్షేపించినవారు సైతము ఒక్క ఈత మేలని చెప్పలేదు సుమా.

మూడవవారు "ఇది మహానగరపాలికవారి పని, మనకేల?" అనిరి. వీధికుక్కల విషయములో అది నిజమే. 2001 నాటి నిబంధనల ప్రకారమును, వాని స్థానమున 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారమును, వీధికుక్కలను పట్టి, ఆపరేషను చేయించి, టీకా వేయించి, పట్టిన చోటనే విడుచు భారము స్థానిక సంస్థలది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టువారును, రేబీస్ సోకినవానిని, కరచు స్వభావము గలవానిని మినహాయించి, తక్కినవానిని అట్లే తిరిగి విడువవలెనని ఆదేశించిరి. కాని ఇంటి కుక్క మాట వేరు. దాని బాధ్యత యజమానిది. నేడు మన వాకిట పుట్టిన కూనయే రేపు సందుచివర వీధికుక్క యగును. కుళాయి విప్పి విడిచి, నేల తుడువలేదని పాలికను తిట్టుట న్యాయమా?

ఈ లెక్కను వర్తకుల భాషలో చెప్పెదము. కుక్క ఏటికి సుమారు రెండుసార్లు ఎదకు వచ్చును. చూలు 63 దినములు. ఈతకు ఐదు పిల్లలనుకొనుడు. అందు రెండు ఆడవి. ఏడాది తిరుగకముందే అవియు ఎదకు వచ్చును. వడ్డీకి వడ్డీ పెరుగు అప్పు ఎట్టిదో మనకు ఎవరును బోధింపనక్కరలేదు. అట్టి అప్పును మొదటి రూపాయి దగ్గర తీర్చుట తెలివియా, పత్రము నిండిన తరువాత తీర్చుట తెలివియా?

ఈ అప్పును చంపి తీర్చవచ్చునని తలచిన పట్టణములు కలవు. మద్రాసు నగరమున పందొమ్మిదవ శతాబ్దము నుండియు కుక్కలను పట్టి చంపుచు వచ్చిరి. కుక్కలు తగ్గలేదు. 1959లో అచ్చట ఏర్పడిన బ్లూ క్రాస్‌వారు ఆపరేషను, టీకా అను మార్గమును చూపి ఏండ్లతరబడి ప్రాధేయపడగా, తుదకు 1996లో ఆ నగరపాలకులు అంగీకరించిరి. విశాఖపట్నమునను, శ్రీమతి అక్కినేని అమల 1992లో స్థాపించిన సంస్థ ద్వారా హైదరాబాదునను మనవారే ఈ పనికి పూనుకొనిరి. అయినను ఆ హైదరాబాదులోనే 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటయందు నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు చంపినవి. పని సగములో ఆగిన చోట పసివారు మూల్యము చెల్లింతురు.

ఇక మన చంద్రపూర్ మాట. ఇచ్చట కుక్క వెనుక చిరుతపులి కూడ వచ్చును. తాడోబా అడవి మనకు దూరము కాదు. దుర్గాపూర్ గనుల దగ్గర, విద్యుత్కేంద్రపు ఆవరణమున పొదలలో పులులు, చిరుతలు తిరుగుట మనవారందరు ఎరిగినదే. 2022 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఒక కార్మికుని పులి చంపగా, మరునాడే దుర్గాపూర్‌లో పదునారేండ్ల బాలుని చిరుత గొనిపోయినది. చిరుతకు కుక్క సులభమైన ఆహారము. మన రాష్ట్రమునందే నాటి అహ్మద్‌నగర్, నేటి అహిల్యానగర్ జిల్లాలో జరిగిన పరిశోధనలో, ఊళ్ల చుట్టు తిరుగు చిరుతలు తిన్న మాంసములో నూటికి 39 పాళ్లు పెంపుడు, ఊరి కుక్కలదే యని తేలినది. మనము గనుల ప్రక్కన విడుచు ప్రతి కూనయు చిరుతను వాడలోనికి పిలుచు ఎర యగును. ఇది చాలదన్నట్లు కుక్కలలోని డిస్టెంపరు వ్యాధి అడవిమృగములకును సోకును. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహములు చనిపోయినప్పుడు ఆ వ్యాధి బయటపడినది. అట్టి వ్యాధి తాడోబా పులులకు మన వీధులనుండి పోరాదు.

రేబీస్ సంగతి వేరుగ చెప్పనేల? మనుష్యులకు ఆ వ్యాధి వచ్చుటకు నూటికి 99 పాళ్లు కారణము కుక్కయే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. లక్షణములు కనబడిన పిమ్మట బ్రతుకు ఆశ ఇంచుమించు లేదు. కుక్క కరచినచో పసుపు, కారము, సున్నము పూయు అలవాటు మన ఇండ్లలో ఇంకను పోలేదు. గాయమును సబ్బుతో పారునీటిలో పావుగంట కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. నూటికి 70 కుక్కలకు టీకా పడిన ఊరిలో ఈ వ్యాధి అణగునని నిపుణుల మతము. ఈతకు ఈత పెరుగుచున్న ఊరిలో ఆ 70 ఎప్పటికి నిండును?

నాలుగవవారు మా పక్షమువారే; కాని తొందరపాటుగలవారు. "రేపే చేయింపుడు, రెండు నెలల కూన యైననేమి?" అనిరి. వీరితోను మాకు పేచీ కలదు. పనికి పనికిమాలిన వేళ యున్నట్లే పనికివచ్చు వేళయు కలదు. అండాశయములలోని రసములు ఎముకలకును కీళ్లకును పెరుగునప్పుడు తోడ్పడును. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2013లో గోల్డెన్ రిట్రీవరు జాతితో మొదలుపెట్టి, 2020 నాటికి 35 జాతులను పరిశీలించిరి. చిన్న జాతులలో తొందరగా ఆపరేషను చేయుట వలన కీళ్లకు ముప్పు పెద్దగ కనబడలేదు. పెద్ద జాతులలో కొన్నిటికి ఏడాదిలోపల చేసినచో కీళ్లజబ్బులు హెచ్చినవి. జర్మన్ షెపర్డు విషయములో రెండేండ్లు దాటువరకు ఆగుట మేలని సూచించిరి. మూడు నెలలు నిండకముందు చేసినచో కొన్నిటికి పెద్దయిన పిమ్మట మూత్రము నిలువకపోవుటయు హెచ్చుగ కనబడినది.

కావున తేల్చి చెప్పుచున్నాము. మన ఇండ్లలో ఎక్కువగ నుండు ఊరికుక్క జాతికి, పొమెరేనియన్ వంటి చిన్న జాతులకు మొదటి ఎదకు ముందు, అనగా ఐదవ నెల దాటి ఆరవ నెల ప్రాంతమున చేయించుట తగును. అప్పటికి టీకాలు పూర్తియై యుండవలెను. పార్వో, డిస్టెంపరు టీకాలు ఆరు మొదలు ఎనిమిది వారముల వయసులో మొదలై, నాలుగవ నెల వరకు మరల మరల పడవలెను. రేబీస్ టీకా మూడవ నెలలో పడి, తరువాత ప్రతి ఏడు పడవలెను. లాబ్రడారు, జర్మన్ షెపర్డు వంటి పెద్ద జాతిని పెంచువారు పశువైద్యుని సలహాపై మరికొంత కాలము ఆగవచ్చును. కాని ఆగువాడు కాపలా కాయవలెను. ఎద మూడు వారములుండును. ఆ మూడు వారములు కుక్కను గొలుసు లేక బయటికి పంపువానికి "ఆగుచున్నాము" అను హక్కు లేదు.

ఎదలో నున్నప్పుడు చేయించరాదు. రక్తనాళములు ఉబ్బియుండి రక్తస్రావము హెచ్చును. ఎద దాటిన రెండు మూడు నెలలకు చేయింపుడు. ఆపరేషనుకు ముందు ఎంతసేపు తిండి మాన్పవలెనో వైద్యునినే అడుగుడు. చిన్న కూనను మరీ ఎక్కువసేపు పస్తుంచుట మంచిది కాదు. తరువాత పది పదునాలుగు దినములు కుట్లను నాకకుండ మెడకు అడ్డుపట్టీ కట్టి, గంతులు వేయకుండ చూడవలెను. ఆ పిమ్మట తిండి కొంచెము తగ్గింపుడు. లేకున్న కొవ్వు పట్టును. మన ఊరి మే నెల ఎండలు ఎట్టివో తెలిసినదే. వీలైనచో ఆ నెలను తప్పింపుడు. కాని ఎండల నెపమున ఎద దాటిపోనిచ్చుట మాత్రము వలదు. పని తెలిసిన పశువైద్యుని చేతనే చేయింపుడు. చిక్కు కేసు ఎదురైనచో నాగపూరులో 1958 నాటి పశువైద్య కళాశాల యున్నది.

మగకుక్కల యజమానులు తమ మీసములు దువ్వుకొనుచు ఊరకుండనక్కరలేదు. ఆడకుక్క ఒంటరిగ చూలు దాల్చదు. తమ కుక్క రాత్రి గోడ దూకి పోవుచున్నదని గర్వముగ చెప్పుకొను యజమానులు, ఆ గోడకు ఆవల పుట్టిన పిల్లలలో తమ వంతు ఎంతయో లెక్క చెప్పవలెను.

ఇక ఒక పెద్దలు మాకు చెప్పిన మాట మిగిలినది. "తెలుగు బడులు మూతపడుచుండగా కుక్కల గొడవ మన సంఘమునకు ఏల?" అని. వారియందు మాకు గౌరవము కలదు. కాని అయ్యా, బడికి స్థలము కావలెనని ఎవరి సంతకములు కోరుదుము? ఆ పొరుగువారివే గదా. మన సందు శుభ్రముగ లేనిది మన అర్జీని ఎవరు చదువుదురు? ఈ ఊరివారు కాలభైరవుని, దత్తాత్రేయుని పాదములకడ కుక్కలను నిలిపి కొలుచువారు. వారి కాలువగట్టున మనము కూనలను పారవేయుట తగునా?

అందుచేత సంఘము ముందుకు ఈ క్రింది సూచనలను తెచ్చుచున్నాము. కార్యాలయమున ఒక పుస్తకము ఉంచవలెను. ఆడకూనను పెంచు ప్రతి ఇంటివారును దాని వయసును, టీకాల తేదీలను, ఆపరేషనుకు అనుకొన్న నెలను అందు వ్రాయవలెను. ఖర్చు భరింపలేని ఇండ్లకు మన వర్తకులము చందా వేసికొని సాయపడవలెను; మొదటి చందా మాది. ఒకే దినమున నాలుగైదు కూనలను కలిపి వైద్యుని కడకు గొనిపోవు ఏర్పాటు చేయవలెను. ఇప్పటికే చూలుతో నున్న కుక్కల యజమానులు పిల్లలకు ఇండ్లు చూచిన తరువాతనే తల్లిని విడువవలెను. గొనిపోవువారు ఆపరేషను చేయింతుమని మాట ఇయ్యవలెను. ఒక సంచి కూడ మన సందునుండి కాలువగట్టునకు పోరాదు.

పుస్తకము మొదటి పుటలో మా పద్దును వ్రాసితిమి. ఆడకూన, వయసు రెండున్నర నెలలు, రేబీస్ టీకా పదిహేను దినములలో, ఆపరేషను ఆరవ నెలలో. పండుగ వచ్చినను, పంట వచ్చినను ఈ తేదీ మారదు. దుకాణము ముందర సంచులను వాసన చూచుచు తిరిగిన ఆ తల్లికి మేము తీర్పవలసిన బాకీలో ఇది మొదటి వాయిదా. రెండవ పుట ఖాళీగ నున్నది. సోదరులారా, వచ్చి మీ పద్దు వ్రాయుడు.